బండి నూనెయు గృహిణియు



నూనె యనగానే మన తలపు వంటయింటికి పోవును. పోపునకు మా సీమవారు బుడ్డల నూనె యని పిలుచు వేరుసెనగనూనె, దీపమునకు నువ్వులనూనె, తలకు కొబ్బరినూనె, పసిబిడ్డ యొంటికి ఆముదము. ఏది దేనికి తగునో మనకెవ్వరును నేర్పనక్కరలేదు. కాని వాకిట నిలిచియున్న మోటారు సైకిలు త్రాగెడు నూనె యెట్టిదని యెవరైన నడిగినచో, మనలో పెక్కుమంది "అది మగవారి పని" యని తప్పుకొందుము. ఆ బండికై ఖర్చగు రూకలు మన యింటి పద్దులోనివే. దానిపై రాకపోకలు చేయువారు మన యింటివారే. అట్టిచో ఆ నూనెను గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట మనకు తగని పని యెట్లగును?

మా నాయనగారు నన్ను బడికి బంపక యింటనే సంస్కృతాంధ్రములు చదివించిరి. యంత్రశాస్త్రము నే నెరుగను. అయినను ఈ విషయమును నాకు దగ్గర చేసినది ఒక సంస్కృత పదమే. స్నేహమనగా చెలిమి, స్నేహమనగా నూనెయును. జిడ్డు గలది స్నిగ్ధము. నేటి పాఠ్యపుస్తకములలో ద్రవము జారుటకు చూపు అడ్డగింపును స్నిగ్ధత యనుచున్నారు. రెండు వస్తువులు ఒరసికొనుచు అరిగిపోకుండ నడుమ నిలిచి కాపాడునది స్నేహము. చరకసంహితయందు అభ్యంగనమును గూర్చి చెప్పుచోట, నూనె పట్టిన కుండయు, తోలును, బండి యిరుసును దృఢపడునట్లే దేహమును దృఢపడునని పోలిక చెప్పబడినది. ఇరుసునకు నూనె వలయునను సంగతి మన పెద్దలకు క్రొత్తది కాదు.

మావారు ఉపాధ్యాయులు. మా కాపురము ఆదవానిలో. వారి పాఠశాల ఎమ్మిగనూరు ప్రక్కనున్న యొక పల్లెలో. పోవుటకును వచ్చుటకును కలిసి దినమునకు దాదాపు 60 కిలోమీటర్లు. నెలకు 22 దినములు బడి యున్నచో 1,320 కిలోమీటర్లగును. నల్లరేగడి నేలల నడుమ త్రోవ. వేసవిలో 40 డిగ్రీలు దాటిన యెండ. ప్రత్తి కాలమున మార్కెటునకు వచ్చు బండ్లు, లారీలు లేపిన దుమ్ము. ఇంత శ్రమకు ఓర్చుచున్న యంత్రములో ఉండునది ఒక లీటరునకు అటునిటుగా నూనె మాత్రమే.

నిరుడు వేసవి సెలవులకు ముందు ఒక మరమ్మత్తు దుకాణమున ఆ నూనె మార్పించిరి. దుకాణదారుడు "సారూ, ఇది కార్లకు పోసే మంచి నూనె, ఖరీదు ఎక్కువ, బండి గాలిలో తేలిపోతుంది" అని చెప్పెనట. పదిదినములు గడచిన పిమ్మట బండి నిజముగానే తేలసాగినది! యంత్రము బిగ్గరగా అరచును. బండి మాత్రము ముందునకు సాగదు. ఒకనాటి సాయంకాలము ఏటవాలు త్రోవలో వెనుక లారీ తరుముచుండగా బండి యెక్కలేక నిలిచిపోయెను. మావారు దానిని త్రోవప్రక్కకు త్రోసికొని, చీకటి పడినప్పటికి ఎట్లో యింటికి చేరిరి. క్లచ్చు పలకలు మార్పింపవలసి వచ్చినది. ఆ నెల పాలవానికి ఇయ్యవలసిన రొక్కము అందులకే సరిపోయెను.

దుకాణమువారు బండితో కూడ పంపిన ఖాళీ సీసా మా పెరటిలో నుండెను. బండితో వచ్చిన చిన్న పుస్తకము పెట్టె యడుగున నుండెను. రెంటిని ముందు పెట్టుకొని, శ్లోకమునకు ప్రతిపదార్థము చెప్పుకొన్నట్లు, సీసాపైని వ్రాతలో ఒక్కొక్క మాటకు అర్థము వెదకితిని. మా యమ్మాయి తొమ్మిదవ తరగతి చదువుచున్నది. ఇంగ్లీషు మాటలకు అది నాకు తోడుపడినది. పుస్తకములో అడిగిన నూనె యొకటి, సీసాలో వచ్చినది మరియొకటి యని ఆ గడియలోనే తేలిపోయెను.

ఆ వ్రాతల అర్థమును మీకును చెప్పెదను.

మొదటిది చిక్కదనము. సీసాపై 10డబ్ల్యూ-30 అనియో, 20డబ్ల్యూ-40 అనియో, 20డబ్ల్యూ-50 అనియో యుండును. దానికి ముందు ఎస్.ఏ.ఇ. అను మూడక్షరములుండును. ఇది అమెరికాలోని వాహన యంత్రశాస్త్రజ్ఞుల సంఘము పేరు. యంత్రపు నూనెలను చిక్కదనమును బట్టి తరగతులుగా విభజించు పద్ధతిని వారు 1911లో మొదలిడిరి. డబ్ల్యూ యనునది ఇంగ్లీషున శీతకాలమును దెలుపు మాటకు మొదటి యక్షరము. దాని ముందున్న అంకె చలిలో నూనె యెట్లు కదలునో చెప్పును. ఆ అంకె యెంత చిన్నదైన చలిలో నూనె అంత సులువుగా పారును. వెనుకనున్న అంకె యంత్రము కాగియున్నప్పటి చిక్కదనమును జెప్పును. దీనిని 100 డిగ్రీల వేడిలో కొలతురు. ఆ కొలతకు సెంటీస్టోక్సు అని పేరు. 20 డిగ్రీల నీరు ఇంచుమించు 1 సెంటీస్టోక్సు. 30 అను తరగతి నూనె 9.3 మొదలు 12.5 లోపల నుండవలెను; 40 తరగతి 12.5 మొదలు 16.3 లోపల, 50 తరగతి 16.3 మొదలు 21.9 లోపల. అనగా నీరు మరగునంత వేడిలో సయితము ఆ నూనె చల్లని నీటికంటె పదిరెట్లు మందముగా నుండునన్నమాట.

ఇక్కడ నొక సందేహము కలుగవచ్చును. నూనె నీటిపై తేలును గదా, నీటికంటె చిక్కన యెట్లగునని. బరువు వేరు, చిక్కదనము వేరు. నూనె తేలిక గనుక తేలును. దాని పొరలు ఒకదానిపై నొకటి జారుటకు ఎక్కువ అడ్డుపడును గనుక మెల్లగా పారును. ఆముదమును, నీటిని రెండు గరిటెలనుండి వంచి చూచినచో ఇది తెలియును.

వేడికి నూనె పలుచబడుట మనము బాణలిలో నిత్యము చూచునదే. పుష్యమాసపు తెల్లవారుజామున కొబ్బరినూనె గడ్డకట్టుటయు చూచుచున్నాము. యంత్రపు నూనెకు ఈ రెండు చిక్కులును గలవు. ప్రొద్దుట యంత్రమును కదిలించునప్పుడు నూనె గట్టిగానున్నచో పైభాగములకు చేరుటకు జాగగును. అంతవరకు లోహము లోహముతో ఒరసికొనును. కాగిన పిమ్మట మిక్కిలి పలుచబడినచో నడుమనున్న పొర తెగిపోవును. ఈ రెంటిని నివారించుటకై నూనెలో కొన్ని దీర్ఘమైన అణువులు గల పదార్థములను కలుపుదురు. అవి చలిలో ముడుచుకొని, వేడిలో విచ్చుకొనును. ఇట్లన్నందున వేడిలో నూనె చిక్కబడునని తలపరాదు. పలుచబడుట తగ్గును, అంతియే.

రెండవది క్లచ్చు సంగతి. మాకు నష్టము కలిగినది ఇక్కడనే. సాధారణముగా కారులోని క్లచ్చు యంత్రపు నూనెలో మునుగదు. మోటారు సైకిలులో అట్లు కాదు. యంత్రమునకు, గేర్లకు, క్లచ్చునకు అన్నిటికి ఒక్కటే నూనె. క్లచ్చు పలకలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనినగాని బండి సాగదు. పెట్రోలు ఆదా యగుటకై కార్ల నూనెలలో జారుడుతనము పెంచు మందులు కలుపుదురు. అట్టి నూనె పోసినచో పలకలు పట్టు విడిచి జారిపోవును. అందుచేత జపానువారు 1998లో ద్విచక్ర వాహనముల నూనెలకు జాసో అను పేర నొక ప్రమాణము నేర్పరచిరి. ఎమ్.ఏ. అనియున్నది గేర్ల మోటారు సైకిళ్లకు, ఎమ్.బి. అనియున్నది జారుడుతనము హెచ్చు గలది, క్లచ్చు నూనెలో మునుగని స్కూటర్లకు. మా సీసాపై జాసో మాటయే లేదు. వెల యెక్కువయైనంత మాత్రమున వస్తువు తగినది కాదు. పట్టుచీర యెంత ఖరీదైనను మడిబట్టగా ఆరవేసికొని అంట్లు తోమెదమా?

మూడవది ఏ.పి.ఐ. అను నక్షరముల ప్రక్కనుండు రెండక్షరములు. ఎస్ అను నక్షరముతో మొదలైనవి పెట్రోలు యంత్రములకు, సి తో మొదలైనవి ముఖ్యముగా డీజిలు యంత్రములకు. ఎస్ వెనుక వచ్చు నక్షరము వర్ణమాలలో ఎంత వెనుకనున్న ఆ నూనె ప్రమాణము అంత క్రొత్తది.

ఈ మూడును బండి పుస్తకములో నున్నట్లు సరిపోయిన చాలును. "మన ఊరిలో ఎండ యెక్కువ, చిక్కని నూనె పోయండి" అని సలహా చెప్పువారు మా ఆదవానిలో వీధికొక్కరు గలరు. ఎండ నిజమే. కాని నడుచుచున్న యంత్రములో నూనె తానే 100 డిగ్రీల చెంతకు కాగును. ఆ వేడిని, బయటి వేడిని రెంటిని లెక్కించియే తయారుచేసినవారు ఏ తరగతి తగునో వ్రాసియుందురు. కొన్ని పుస్తకములలో బయటి వాతావరణమును బట్టి వాడదగిన తరగతుల పట్టికయు నుండును. అందులో చెప్పిన హద్దు దాటి చిక్కనిది పోసినచో నూనె సందులలోనికి ఆలస్యముగా చేరును, యంత్రమునకు బరువగును, పెట్రోలు ఎక్కువ ఖర్చగును.

నే నీ విషయమును చదువుచుండగా మా అత్తగారు చూచి, "ఏంటికమ్మా నీకీ నల్లనూనె పని? వాకిట్ల కూకోని ఆడోళ్లు స్పానర్లు పడితే నలుగురు నగరా?" అనిరి. నే నామెకు ఎదురుచెప్పక, "అత్తయ్యా, మీ కాలమున ఎద్దులబండికి కందెన యెవరు చేసెడివారు?" అని యడిగితిని. ఆమె ముఖము వికసించినది. "ఇంగెవురు? నేనే. వరిగడ్డి కాల్చి మసి చేసి, ఆముదంలో కలిపి గొట్టంలో పోసేదాన్ని. ఎండాకాలం ఆముదం కారిపోతుంది, మసి ఇంత ఎక్కువ పడాల. చలికాలం తక్కువ" అని చెప్పిరి. కాలమును బట్టి చిక్కదనము మార్చవలెనను శాస్త్రము, పుస్తకము తెరువని ఆమె చేతిలోనే యున్నది! ఆముదము కేవలము ఎద్దులబండికే పరిమితము కాలేదు. 1914–18 నాటి మహాయుద్ధమున విమానముల యంత్రములలో దానిని వాడిరి. నేడు నూనె సీసాలపై కనబడు కాస్ట్రాల్ అను పేరు ఇంగ్లీషున ఆముదమునకు గల పేరునుండియే పుట్టినది. ఈ మాట చెప్పగా అత్తగారు, "అయితే కానీ, కొంగు దోపుకో" అని లోపలికి పోయి పాత గుడ్డలు తెచ్చియిచ్చిరి.

అటుపిమ్మట మాయింట నూనె మార్చు విధమిది. బండి వారంటీలో నున్నంతకాలము కంపెనీవారి అంగీకారము గల చోటనే చేయింపవలెను. లేనిచో హక్కునకు భంగము రావచ్చును. మా బండికి ఆ గడువు తీరినది. మొదట యంత్రమును రెండు మూడు నిమిషములు నడిపి ఆపవలెను. గోరువెచ్చని నూనె మడ్డితో కూడ సులువుగా దిగును. దూరప్రయాణము చేసి వచ్చిన వెంటనే మాత్రము చేయరాదు, చేతులు కాలును. బండిని సమతలమున నడిమి స్టాండుపై నిలిపి, క్రింద వెడల్పైన పాత బేసిను పెట్టి, పై మూత తీసి, అడుగునున్న మరను సరియైన కొలత గల స్పానరుతో విప్పవలెను. పది పదునైదు నిమిషములు వేచినచో పాతనూనె యంతయు కారును. జల్లెడయో ఫిల్టరో యున్నచో పుస్తకమున చెప్పినట్లు శుభ్రపరచుటయో మార్చుటయో చేయవలెను. మరక్రింది వాషరు నలిగియున్నచో క్రొత్తది వేయవలెను. మరను బిగించునప్పుడు బలము చూపరాదు. అక్కడి లోహము అల్యూమినియము. ఎక్కువ బిగించినచో గాడులు చెడిపోవును.

క్రొత్తనూనె పుస్తకములో చెప్పిన కొలత ప్రకారము పోసి, మూత బిగించి, రెండు మూడు నిమిషములు యంత్రమును నడిపి, మరల ఆపి, అంతే సేపు ఆగి, కొలపుల్ల తుడిచి చూడవలెను. పుల్లపై రెండు గీతలుండును. నూనె ఆ రెంటి నడుమ నుండవలెను. పుల్లను మర త్రిప్పి చూడవలయునో, ఊరక దింపి చూడవలయునో పుస్తకమే చెప్పును. తక్కువ యెంత కీడో ఎక్కువయు నంతే. సీసా కొనునప్పుడు మూత ముద్ర చెక్కుచెదరకుండుట చూడుడు. ఖాళీ సీసాను చించి పారవేయుడు, లేనిచో అందు నకిలీ నూనె నింపి అమ్మువారు కలరు. చేతులకు తొడుగులు వేసికొనుడు. బిడ్డలను దగ్గరకు రానీయకుడు.

ఇక ఎమ్మిగనూరు సంగతి. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన నేతపనివారి సహకార సంఘముచే ఆ యూరి పేరు చేనేతకు ప్రసిద్ధి చెందినది. అక్కడ మాకు పరిచయమున్న యొక చెల్లెలు, పెనిమిటి గతించిన పిదప, చీరల మూటలు స్కూటరుపై పెట్టుకొని పల్లెలు తిరిగి అమ్మి యిద్దరు పిల్లలను చదివించుచున్నది. స్కూటరు నిలిచిననాడు ఆమె యింట పొయ్యి వెలుగుట కష్టము. మేము నూనె మార్చుకొనుట విని, "అక్కా, మీకు మిగిలింది నా బండికి పనికొస్తుందా?" అని యడిగెను. "ఎమ్.ఏ. నూనె నీ బండిలో పోసినను ప్రమాదము లేదు. కాని నీది ఎమ్.బి. కోరు బండి, దానికి తగినదే పోయుట మేలు. నీది మాత్రము మా బండిలో పోయరాదు" అని చెప్పితిని. స్కూటరునకు వెనుక చక్రమువద్ద వేరొక చిన్న గేరునూనె యుండునని, దానిని మరువవలదనియు చెప్పితిని.

అన్నిటికంటె ముఖ్యముగా ఆదివారము నాడు కొలపుల్ల చూచు అలవాటు చేసికొమ్మంటిని. మూడవ ఆదివారమున ఆమె నాకు ఫోను చేసినది. పుల్లపై తడి లేదు! ఆమె స్కూటరులో నూనె తగ్గినట్లు హెచ్చరించు దీపము లేదు. యంత్రము లోపల నూనె కాలిపోవుచుండెను. ఆమె బండి కదల్పక, నూనె తెప్పించి పోసి, మెల్లగా మరమ్మత్తునకు చేర్చినది. వలయములు మార్చుటతో పోయినది. మరునాడు మూటలతో బయలుదేరియుండినచో యంత్రమంతయు బిగిసిపోయి, ఆమె కూడబెట్టినదంతయు అందులకే చెల్లెడిది. ఒక పుల్లను గుడ్డతో తుడిచి చూచుట ఆ యింటి యన్నమును నిలిపినది.

పాతనూనెను గూర్చియు ఒక మాట. దీనిని కాలువలోను, పెరటి మట్టిలోను, బావి దాపునను పోయరాదు. తుంగభద్ర నీటికై మన మెంత యెదురుచూతుమో మనకు తెలియును. ఆ నీటిని మనమే పాడుచేయుట పాపము. చెదలకు తలుపులకు పూయుట, పశువుల గజ్జికి రాయుట, పొయ్యిలో వేయుట మన వైపున నలవాటు. కాలిన నూనెలో దేహమునకు కీడు చేయు పదార్థములుండును. ఇంగ్లండులోని ప్రత్తిమిల్లులలో కదుళ్లనుండి చిందు ఖనిజపు నూనె యేండ్ల తరబడి ఒంటికి తగిలిన కార్మికులకు చర్మపు క్యాన్సరు అను రాచపుండు పుట్టినదని వైద్యులు గుర్తించిరి. మన దేశమున 2016 నాటి నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థములలో చేర్చినవి. దానిని బిగువైన మూతగల డబ్బాలో నింపి, సేకరించి శుద్ధికి పంపు దుకాణమునకో సర్వీసు కేంద్రమునకో ఇయ్యవలెను.

విద్యుత్తుతో నడచు స్కూటర్లు నేడు మా వీధులలోను తిరుగుచున్నవి; వానికి ఇంజను నూనె యక్కరలేదు. కాని మన యిండ్లలోని పెట్రోలు బండ్లు ఇంకను చాలకాలము నడువవలసినవే. నూనె మార్చు గడువు బండిని బట్టి మారును. మాది 3,000 కిలోమీటర్లు; అనగా మావారి ప్రయాణమునకు రెండు నెలలమీద కొన్నిదినములు. అందరును స్పానరు పట్టవలెనని నే ననను. దుకాణమునకే పంపుడు, కాని ఏ నూనె పోయవలెనో చీటీ వ్రాసి పంపుడు, తిరిగి వచ్చిన సీసా చదువుడు. పాలు, చాకలి పద్దులు వ్రాయు పుస్తకముననే ఒక పుట విడిచి, నూనె మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, నూనె తరగతి వ్రాసియుంచుడు. మా పుస్తకములో ఆ పుటను ఇప్పుడు మా యమ్మాయి వ్రాయుచున్నది.